చేతులెత్తే ఊరు

మే నెల వచ్చిందంటే, దేశం దాటి వచ్చి మేం స్థిరపడిన ఈ ట్రాయ్ ఊళ్లో శనివారం ఉదయాలన్నిటికీ ఒకటే వాసన. ఒక ఇంటి ముందు గడ్డి కోసే మిషన్ మొదలవుతుంది, దాన్ని చూసి పక్కింటివాళ్లు, వాళ్లని చూసి ఎదురింటివాళ్లు. కాఫీలయ్యే వేళకి, ఇక్కడ సబ్‌డివిజన్ అనే మా కాలనీ అంతా కోసిన పచ్చగడ్డి వాసనే. మా ఆయన కిటికీలు బార్లా తెరిచి, కప్పు పట్టుకుని నిలబడి, "ఆహా" అంటూ ఊపిరి పీల్చుకుంటారు. నేను మాత్రం ఆ వాసన తగలగానే పక్కింటి వైపు చూస్తాను. ఈ మధ్య కూడా అంతే. చేస్తున్న పని వదిలేసి చూశాను. ఇప్పుడక్కడ వేరేవాళ్లు ఉంటున్నారు. కానీ ఏళ్ల తరబడి, వీధిలో మొదటి మిషన్ మోగగానే ఆ ఇంటి కిటికీలు ఒక్కొక్కటే టపటపా మూసుకునేవి. మూసే మనిషి వెరీనా గారు. ఆవిడకి గడ్డి పడదేమో, ఎలర్జీ అయ్యుంటుందని చాలా కాలం అనుకున్నాను.

మేం ఈ ఇల్లు కొనుక్కుని దిగిన మొదటి చలికాలం ఆవిడే మా తలుపు తట్టారు. పొడవాటి మనిషి, కురచగా కత్తిరించుకున్న తెల్లజుట్టు, డెబ్బై దాటినా వంగని నడుము. చేతిలో గుడ్డలో చుట్టిన బ్రెడ్, మన జడలాగా అల్లి కాల్చింది. "నేను వెరీనా. పక్కింట్లో ఉంటాను. మీ చెత్త డబ్బా మూత రోడ్డు వైపు తెరుచుకునేలా పెట్టాలి, లేకపోతే బండివాడు తీసుకోడు. ఇది బ్రెడ్. వేడిగా ఉంది, ఇప్పుడే కొయ్యకు." అంతా ఒక్క గుక్కలో చెప్పేశారు. హాస్పిటల్‌లో నర్సుగా పనిచేసి రిటైరయ్యారనీ, భర్త పోయారనీ, పిల్లలు లేరనీ తర్వాత తెలిసింది. నేను అప్పట్లో కార్ల సీట్‌బెల్టులు పరీక్షించే లాబ్‌లో ఇంజనీర్‌ని. ఆఫీసులో పదిమందిలో నోరు విప్పేదాన్ని కాదు.

తెలుగువాళ్లం కదా, కొత్త మనిషి కనిపిస్తే మనం అడిగే మొదటి ప్రశ్న నేనూ అడిగాను, మీదే ఊరని. స్విట్జర్లాండ్‌లో కొండల మధ్య ఒక చిన్న ఊరని చెప్పారు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మా తరానికి స్విట్జర్లాండ్ అంటే సినిమా పాట. మంచులో పల్చటి చీర కట్టుకుని హీరోయిన్ వణక్కుండా పరిగెత్తే చోటు. "ఎంత అదృష్టవంతులండీ మీరు! ఆ పచ్చిక, ఆ కొండలు, మెళ్లో గంటలతో ఆ ఆవులు! అక్కడ ఆవులు కూడా సుఖంగా ఉంటాయేమో" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూశారు. "ఆవులా? ఆవులు సుఖంగానే ఉండేవి" అన్నారు.

నేను పగలబడి నవ్వాను. ఆవిడా కొంచెం నవ్వారు.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాసినా మీకు ఇప్పటి మ్యాపులో దొరకదు. ఎందుకో తర్వాత చెప్తాను. ఏటవాలు కొండమీద ఒక చర్చి, ఒక బడి, ఒక సత్రం, పాలు పోసి చీజ్ చేసుకునే ఒక కొట్టం, చెదురుమదురుగా ఇళ్లు. అంతే ఊరు. అయినా అదొక పూర్తి ప్రభుత్వంలా ఉండేదట. వాళ్ల పాస్‌పోర్టులో పుట్టిన చోటు రాయరట, మూలగ్రామం రాస్తారట. తాతముత్తాతలది ఏ ఊరైతే మనవడిదీ అదే, వాడు ఆ ఊరు కంటితో చూడకపోయినా సరే. నాకది వింతగా తోచలేదు. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లే కదా. హైదరాబాదులో పుట్టి పెరిగిన నేను కూడా ఎవరైనా అడిగితే మాది నిడదవోలు దగ్గరనే అంటాను. "ఎవరికైనా పూట గడవకపోతే ఆ మూలగ్రామమే చూసుకోవాలి. అది చట్టం" అన్నారు వెరీనా గారు.

"ఎంత మంచి పద్ధతి!" అన్నాను.

"చెప్పుకోడానికి చాలా మంచి పద్ధతి" అన్నారావిడ, టీ కలుపుకుంటూ.

మా సబ్‌డివిజన్ మీటింగులకి నన్ను మొదట లాక్కెళ్లింది ఆవిడే. "ఆ మీటింగులు బోరండీ, చెట్లు కొట్టడం గురించీ, కంచెల రంగుల గురించీ గంటల తరబడి మాట్లాడతారు" అని తప్పించుకోబోయాను. ఆవిడ ఊరుకోలేదు. వాళ్ల ఊళ్లో ఏడాదికి ఒకటి రెండుసార్లు ఊరంతా బడి హాల్లో చేరేవారట. నీళ్ల గొట్టం మార్చాలా, రోడ్డు వెయ్యాలా, టీచర్‌కి జీతం పెంచాలా, అన్నీ అక్కడే చేతులెత్తి తేల్చేవారట. చివరికి బయటినుంచి వచ్చి స్థిరపడినవాడికి పౌరసత్వం ఇవ్వాలో వద్దో కూడా. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లుగా వరసలో నిలబడి ఉన్న నాకు ఆ మాట ముల్లులా దిగింది. ఎవరో తెలియని ఆఫీసర్ కాదు, రోజూ పాలు కొనుక్కునే చోట కనబడే పక్కింటివాడు చెయ్యెత్తితేనే నువ్వు ఈ దేశం మనిషివి!

"మరి ఆడవాళ్లు?" అనడిగాను ఎందుకో.

"ఆడవాళ్లు వంటింట్లో. నేను ఆ ఊరు వదిలి వచ్చేనాటికి మాకు చెయ్యెత్తే హక్కు లేదు."

నమ్మలేకపోయాను. మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు. అయినా మన దేశంలో మొట్టమొదటి ఎన్నికల్లో, కొత్త చీర కట్టుకుని, ఎడ్లబండిలో వెళ్లి ఓటేసి వచ్చింది. వేలిమీద సిరా చుక్క చెరిగిపోతుందని వారంరోజులు ఆ చేత్తో అంట్లు తోమలేదని మా అమ్మ చెప్పేది. ఆ మాట వెరీనా గారికి చెబితే చేతిలో కప్పు కింద పెట్టేశారు. "మీ అమ్మమ్మ... మా అమ్మకంటే ముందు?" అన్నారు.  నేనే ఏదో గొప్పలకి పోయానేమోనని సిగ్గుపడ్డాను. ఆవిడ అప్పుడు ఏం తలుచుకున్నారో తెలియడానికి ఇంకా కొంతకాలం పట్టింది.

మా అమ్మాయి సాహితికి ఏడో క్లాసులో ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు, తెలిసిన పెద్దవాళ్లనెవరినైనా చిన్ననాటి సంగతులు అడిగి రికార్డ్ చేసుకు రమ్మని. సాహితి చిన్నప్పటినుంచీ వెరీనా ఆంటీ చేతి బ్రెడ్ తిని పెరిగింది. ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం ఆవిడ వంటగదిలో కూర్చున్నాం. ఆవిడ యాపిల్ తొక్క తీస్తున్నారు, తెగకుండా పొడుగ్గా ఒకే ముక్కగా. సాహితి ఫోన్ ఆన్ చేసి, "ఆంటీ, చిన్నప్పుడు మీరు ఏం ఆట ఎక్కువ ఆడేవారు?" అని అడిగింది.

"నిజం చెప్పాలా, స్కూల్‌కి పనికొచ్చేది చెప్పాలా?"

"నిజం" అంది అది, ఉత్సాహంగా.

ఆవిడ కత్తి ఆపలేదు. గొంతు కూడా మారలేదు. వాళ్ల నాన్న అడవిలో చెట్టు కొడుతుంటే అది మీద పడి పోయాడట. వాళ్లమ్మ, ఏడేళ్ల వెరీనా, అయిదేళ్ల చెల్లెలు లీనా మిగిలారు. ఊరి ఖర్చుమీద బతకాల్సిన వాళ్లయిపోయారు. సత్రం పైగదిలో ఊరి పెద్దలు కూర్చుని, పిల్లలిద్దరినీ రైతుల ఇళ్లకి పనికి ఇచ్చేద్దామన్నారు. అందరూ చేతులెత్తారు. ఆడది కాబట్టి వాళ్లమ్మకి ఆ గదిలోకి అడుగుపెట్టే వీల్లేదు. "మా అవ్వ కాలంలో అయితే చర్చి అయ్యాక సత్రం ముందు పిల్లల్ని నిలబెట్టి వేలం వేసేవారు. పోషణకి ఊరినుంచి ఎవరు తక్కువ అడిగితే పిల్ల వాళ్లది. మా కాలానికి అదంటే సిగ్గుపడ్డారు. అందుకని తలుపులు వేసుకుని తేల్చారు."

వేలంపాటలో ఎక్కువ పాడినవాడికి వస్తువు దక్కుతుందని తెలుసు. తక్కువ పాడినవాడికి పిల్లని ఇవ్వడం నేను జీవితంలో మొదటిసారి వింటున్నాను. అదీ ఎక్కడ? మా పాటల్లోని ఆ పచ్చికమీద.

"మర్నాడు పొద్దున్నే బండి వచ్చింది. అమ్మ నాకు జడ వేస్తోంది. ఒక పక్క అయింది, రెండో పక్క కాలేదు. అలాగే ఎక్కాను."

రైతు ఇంట్లో ఆవిడ పడక అటక మీద ఎండుగడ్డిలో. తెల్లారకముందే పాలు పితకడం, పేడ ఎత్తడం, ఇంటివాళ్లు తిన్నాక నిలబడి తినడం, గడ్డి కోతలప్పుడు బడి మానెయ్యడం. "ఇప్పటికీ ఆ వాసన వస్తే నా వీపు నొప్పి పుడుతుంది. గడ్డివల్ల కాదు, ఆ రోజుల్లో పడ్డ బెల్టు దెబ్బలవల్ల" అన్నారు. లీనాని లోయకి అవతలున్న ఇంకో ఇంటికి ఇచ్చారు. ఆ ఇంటి కప్పు ఈ అటక కిటికీలోంచి కనిపించేదట. ఆదివారం చర్చిలో మాత్రం అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకునేవారు, ఎవరి యజమానుల వరసలో వాళ్లు కూర్చుని. మాట్లాడనిచ్చేవారు కాదు. లీనా మాత్రం మెడ తిప్పి తిప్పి చూసేది. ఒక చలికాలం ఆదివారం ఆ వరసలో లీనా లేదు. ఫాదర్ ఆ వారం చనిపోయినవాళ్ల పేర్లు చదివాడు. అందులో లీనా పేరు ఉంది.

"ఆ తర్వాత అందరూ లేచి పాట పాడారు. నేనూ పాడాను" అన్నారు వెరీనా గారు. యాపిల్ తొక్క పళ్లెంలో చుట్టలా పడింది.

సాహితి నావైపు తిరిగి, "అమ్మా, ఆంటీ జోక్ చేస్తోంది కదా?" అంది.  నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. అదే మళ్లీ ఆవిడ వైపు తిరిగి, "ఎవ్వరూ పోలీస్‌ని పిలవలేదా?" అని అడిగింది.

"ఎవర్ని పిలుస్తారమ్మా? చేసింది ఊరే కదా."

ఆ సాయంత్రం నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చదివాను. ఆవిడ ఊరొక్కటే కాదు. ఆ దేశంలో ఎన్నో ఊళ్లు అలా చేశాయి. ఎంతోమంది పిల్లలు అలా పెరిగారు. చాలా ఆలస్యంగా ప్రభుత్వం క్షమాపణ చెప్పుకుంది.  ఇన్నేళ్లు గోడకి గోడ ఆనుకున్నంత దగ్గర ఉన్న మనిషి! "ఆవులు సుఖంగానే ఉండేవి" అంటే పగలబడి నవ్విన నా గొంతు నాకే వినిపించింది.

సాహితి హైస్కూల్లో చేరిన ఏడాది ఆవిడకి ఆ ఊరినుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఊరి ప్రెసిడెంట్, ముప్పై అయిదేళ్ల అమ్మాయి. ఊరు ఇప్పుడు ఎలా ఉందో ఆ అమ్మాయే చెప్పిందట. పిల్లలు లేక బడి మూతపడింది. మిగిలిన కొద్దిమంది పిల్లలు తెల్లవారుజామున బస్సెక్కి కింద టౌన్‌కి వెళ్తారు. చీజ్ కొట్టంలో ఇప్పుడు మంచుమీద జారే స్కీలు అద్దెకిస్తారు. సగం ఇళ్లు సెలవులకి వచ్చేవాళ్లవి, ఏడాదిలో ఎక్కువ భాగం తలుపులు బిగించే ఉంటాయి. పంచాయతీలో కూర్చోడానికి మనుషులే దొరకడం లేదు. అందుకని కింది టౌన్‌లో కలిసిపోవాలనుకుంటున్నారు. ఆ లోపల ఒక పని చెయ్యాలని ఆ అమ్మాయి పట్టుదల. అలా ఇచ్చేసిన పిల్లల పేర్లు చెక్కించి చర్చి గోడకి ఒక రాయి పెట్టాలని. ఆ విషయం ఊరి సభ ముందుకు వస్తోంది, మీరు వీడియోలో మాట్లాడతారా అని అడిగింది.

"నాకు ఓటు లేదు. మాట్లాడనిస్తారంతే" అన్నారు వెరీనా గారు. "మీ ఇంట్లో కూర్చోవచ్చా? ఒక్కదాన్నే చూడలేను."

అక్కడ రాత్రి సభ, ఇక్కడ శుక్రవారం మధ్యాహ్నం. ఆవిడ నీలం కోటు వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చారు. మా డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టాం. నేను కెమెరాకి కనిపించకుండా పక్కన కూర్చున్నాను. తెరమీద ఆ మూతపడిన బడి హాలు, బాస్కెట్‌బాల్ బుట్ట కింద మడత కుర్చీల్లో జనం. ఆవిడ గొంతు తగ్గించి నాకు ఇంగ్లీషులో చెబుతున్నారు. మొదట నీళ్ల గొట్టాల ఖర్చు. చేతులన్నీ లేచాయి. తర్వాత రాయి సంగతి. వెంటనే ముందు వరసలో ఒక ముసలాయన లేచాడు, చేతిలో టోపీతో.

"యాకోబ్" అన్నారు వెరీనా గారు నెమ్మదిగా. "లీనా ఉన్న ఇంటి కొడుకు."

ఆయన మాటలు ఆవిడే నాకు ఒక్కొక్కటీ చెప్పారు. "ఆ రోజుల్లో అందరం పేదవాళ్లమే. ఆ పిల్ల మా ఇంట్లో తిండి తింది, బట్ట కట్టింది. ఇప్పుడు గోడమీద చెక్కి మా నాన్నని దోషిని చేస్తారా? చచ్చినవాళ్లు లేచొచ్చి జవాబు చెప్పుకోలేరు." కొందరు తలలూపారు.

ప్రెసిడెంట్ వెరీనా గారిని మాట్లాడమంది. ఆవిడ నిటారుగా కూర్చుని, ముందు ఒక ప్రశ్న అడిగారు. లీనా సమాధి ఎక్కడుంది అని. ఆ అమ్మాయి తల దించుకుని చెప్పింది. వాళ్ల నియమం ప్రకారం పాతికేళ్లకి సమాధులు తీసేసి ఆ చోటు వేరేవాళ్లకి ఇస్తారట. లీనా ఉన్నచోట ఆ తర్వాత ఎవరెవరినో పూడ్చారు. చిన్నగా క్షమాపణ చెప్పింది.  మనమూ బూడిద చేసి నీళ్లలో కలిపేస్తాం, మనకీ ఏమీ మిగలదు. కానీ ఆ గోదావరి మన కళ్లముందు పారుతుంది. కలిపిన చెయ్యి మనదే. ఇక్కడ ఒక పసిపిల్లని ఇచ్చేశారు, పూడ్చారు, తవ్వేశారు. ఒక్కదానికీ అక్కని పిలవలేదు.

వెరీనా గారు, "యాకోబ్, ఇంకొకటి అడుగుతాను. లీనా మీ ఇంట్లో ఎక్కడ పడుకునేది?" అన్నారు.

 ఆయన టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మూశాడు. కూర్చున్నాడు.

అప్పుడు చేతులు లేచాయి. రాయి కావాలన్నవాళ్లు మొదట, వద్దన్నవాళ్లు తర్వాత. వద్దన్న చేతులే ఎక్కువ. నేను నోటిమీద చెయ్యి పెట్టుకున్నాను. నా కళ్లముందు, నా టేబుల్ మీద, అదే ఊరు అదే పిల్లలమీద మళ్లీ చేతులెత్తి తేల్చేసింది! ప్రెసిడెంట్ కళ్లు తుడుచుకుని కాగితం తిప్పింది. తర్వాతి అంశం, బస్సు ఆగే చోట ఒక దీపం.

"ఆపేద్దామండీ" అన్నాను కోపంగా, ల్యాప్‌టాప్ మూతమీద చెయ్యి వేసి.

"వద్దు, దీపం సంగతి విందాం. పిల్లలు చీకట్లో నిలబడుతున్నారు." ఆవిడ తెరవైపే చూస్తున్నారు. దీపానికి ఓట్లు అడిగినప్పుడు, లెక్కలోకి రాదని తెలిసి కూడా, మా ఇంట్లో కూర్చుని వెరీనా గారు చెయ్యెత్తారు. ఆ చేతిని చూస్తూ ఉండిపోయాను. రాయి పోయినందుకు కలిగిన దిగ్భ్రాంతి కంటే ఆ చెయ్యి చూసి కలిగింది పెద్దది.

క్రిస్మస్ వెళ్లాక ఒక ఉదయం ఆవిడ కోటు కూడా వేసుకోకుండా మంచులో నడుచుకుంటూ మా ఇంటికి వచ్చారు. నేనెప్పుడూ ఆవిడని అలా చూడలేదు. దుప్పటి కప్పి కూర్చోబెట్టాను.

"యాకోబ్ ఫోన్ చేశాడు" అన్నారు. "పశువుల కొట్టంలో పడుకునేదట, దూడ పక్కన. అప్పటికి వాడు లీనాకంటే చిన్నవాడు. తలుపు సందులోంచి చూసేవాడట. ఆ దూడకి నా పేరు పెట్టిందట."

నాకు అర్థం కాలేదు. "ఏ పేరు?"

"వెరీనా అని. పశువులకి మనుషుల పేర్లేమిటని వాళ్ల నాన్న కొట్టాడట. అప్పట్నించి ఎవరూ లేనప్పుడు దాని చెవిలో పిలిచేదట. ఇన్నేళ్లూ వాడు ఎవరికీ చెప్పలేదు."

"ఏడ్చాడా?"

"మా ఊరివాళ్లు ఏడవరు. రెండుసార్లు దగ్గాడు." ఆవిడ దుప్పటి అంచుని పట్టుకుని, "దూడ పక్కన వెచ్చగా ఉంటుంది. చాలా వెచ్చగా ఉంటుంది" అన్నారు. అలా అంటూనే ఏడ్చారు. నేను ఆవిడని పట్టుకున్నాను. ఆవిడ నన్ను పట్టుకోనివ్వడం అదే మొదలు.

ఏడాది తిరక్కుండా ఆ ఊరు కింది టౌన్‌లో కలిసిపోయింది. ఊరి పేరున్న బోర్డు తీసేశారు. ఇప్పుడు క్షమాపణ చెప్పాలన్నా చెప్పడానికి ఆ ఊరు లేదు. ఆ వార్త విని వెరీనా గారు, "తప్పించుకున్నారు" అన్నారు. నవ్వారో లేదో చెప్పలేను. అప్పటికే ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఆ చివరి నెలల్లో సాహితినీ నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని లీనా గురించి గుర్తున్నదంతా చెప్పారు. రికార్డ్ చెయ్యమంటారా అంటే వద్దన్నారు. "వినండి చాలు." లీనాకి ర పలికేది కాదు, అక్కని వెలీనా అనేది. కోళ్లంటే భయం. మంచు తినేది. ఈల వెయ్యడం వచ్చు. ముందు పన్ను ఒకటి సగం విరిగి ఉండేది. అంతే. అంతకంటే ఆవిడకీ తెలియదు. ఏప్రిల్‌లో, వీధిలో ఇంకా ఎవరూ గడ్డి కోయడం మొదలుపెట్టకముందే, ఆవిడ వెళ్లిపోయారు.

నేనిప్పుడు సిటీ కౌన్సిల్ మీటింగులకి క్రమం తప్పకుండా వెళ్తాను. సిటిజన్‌షిప్ వచ్చింది, నాకూ చెయ్యెత్తే హక్కుంది. ఎవరి గురించి అయినా తేల్చబోతుంటే, వాళ్లు ఈ గదిలో ఉన్నారా అని లేచి అడుగుతాను. పదిమందిలో నోరు విప్పడం ఇప్పటికీ కష్టమే, అయినా అడుగుతాను. కొందరికి నేను వస్తున్నానంటే విసుగు. అది వెరీనా గారు నాకు అంటించిన అలవాటు.

కానీ నా దగ్గర నిజంగా మిగిలింది ఆ చిన్నపిల్ల. సమాధి లేదు, రాయి లేదు, ఫోటో లేదు, ఊరు కూడా లేదు. యాకోబ్ కూడా పోయాడని విన్నాను. కాలేజీకని వేరే రాష్ట్రంలో ఉంటున్న సాహితి అప్పుడప్పుడు ఉన్నట్టుండి ఫోన్ చేస్తుంది. మొన్న నేను ఆఫీసులో ఉండగా చేసింది. హలో కూడా లేదు.

"అమ్మా, లీనాది ఏ పన్ను విరిగింది? పైదా, కిందదా?"

"పైది."

"కుడా, ఎడమా?"

"ఎడమ."

"ఓకే. నాకూ అలాగే గుర్తుంది" అంది.